ఎర్త్ గడిలో రాసిన అంకె

ఈ ఏడాది ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి మా ఆఫీసులో చేరిన ఇద్దరమ్మాయిలు మధ్యాహ్నం భోజనాల దగ్గర నన్నొక మాట అడిగారు. "అక్కా, ఇళ్ల వైరింగ్ పనిలో సర్టిఫికెట్ ముఖ్యమా, పని తెలియడం ముఖ్యమా?" అడిగిన వెంటనే జవాబు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఇంటికి వెళ్లి, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది డైరీ తీసి చూశాను. నాకు కావలసిన రోజున రెండే ముక్కలు ఉన్నాయి. "పెడన రిపోర్టు మీద సంతకం పెట్టాను. వాన, వెళ్లలేదు." దాని కింద, అప్పుడు చదువుతున్న నవల గురించి పేజీన్నర రాసుకున్నాను.

ఆ రెండు ముక్కల వెనక జరిగింది ఆ అమ్మాయిల కోసం రాస్తున్నాను.

మా పాలిటెక్నిక్ ల్యాబులో అబ్బాయిలు కనెక్షన్లు ఇచ్చేవారు, నేను రికార్డు రాసేదాన్ని. నా దస్తూరి బాగుంటుందని ఆ పని నాకు వచ్చింది. అడిగి ప్లయర్ తీసుకునే ధైర్యం లేక నేనూ అదే మంచిదనుకున్నాను. మూడేళ్ల తర్వాత ఫస్ట్ క్లాసూ, దాని మీద సూపర్‌వైజర్ పర్మిట్టూ చేతికొచ్చాయి. అప్పటికి ఒక్క వైరు తొడుగు కూడా నేను సొంతంగా ఒలిచింది లేదు.

గుడివాడలో లైసెన్సు ఉన్న ఒక కాంట్రాక్టరు గారి షాపులో ఉద్యోగం దొరికింది. కొత్త ఇంటికి మీటరు ఇవ్వాలంటే, వైరింగ్ సరిగ్గా ఉందని పరీక్ష చేసి రాసిచ్చిన రిపోర్టు కరెంటాఫీసుకు కావాలి. ఆ రిపోర్టు మీద పర్మిట్టు ఉన్నవాళ్ల సంతకం ఉండాలి. నేను చేరిన రోజునే ఓనరుగారు నాకో కుర్చీ, ఒక స్టాంపు ప్యాడ్ చూపించి, "అమ్మాయ్, నీకు ఎండలో తిరిగే పనేం లేదు. చేసేవాళ్లు చేస్తారు. నువ్వు చూసి రాయి," అన్నారు. మంచి మనిషే. పండక్కి అందరికీ బట్టలు పెట్టేవారు. ఆ మాట కూడా నా మంచి కోరే అన్నారు.

చేసే ఆయన ఒక్కరే. షాపులో అందరూ ఆయన్ని బాబాయ్ అనేవారు. ఆయనది దివిసీమలో కోడూరు దాటాక సముద్రం వైపు ఉండే ఊరు. చదువు ఆరో తరగతి. పెళ్లిళ్లకు మైకు సెట్లు, సీరియల్ లైట్లు కట్టేవాళ్ల దగ్గర పని నేర్చుకుని, ముప్పై ఏళ్లుగా ఇళ్లకు వైరింగ్ చేస్తున్నారు. పర్మిట్టు లేదు. కాబట్టి ఆయన చేసిన ప్రతి పనీ కాగితం మీద నా పని అయ్యేది.

మొదటి వారం నన్ను మేడంగారూ అని పిలిచి నవ్వుకునేవారు. ఒకరోజు షాపులోనే ఫ్యాను రెగ్యులేటర్ విప్పుతుంటే దగ్గరికెళ్లి చూశాను. టెస్టర్ను ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి వెలుగు చూశారు. తర్వాత తను పనిచేయబోయే చోట పెట్టారు. వెలగలేదు. మళ్లీ ప్లగ్గులో పెట్టి చూశారు.

"రెండోసారి ఎందుకు బాబాయ్?" అన్నాను.

"మధ్యలో టెస్టర్ చచ్చిపోయిందనుకో. అప్పుడు కరెంటు లేదన్నది కరెంటా, టెస్టరా?" అన్నారు. అంతకుముందే ఆ ఫ్యాను ఫ్యూజు పీకి వేసుకున్న చొక్కా జేబు మీద తట్టి, "ఇది నా దగ్గరుంటేనే నేను చెయ్యి పెట్టేది. ఎవరో వచ్చి పెట్టేస్తారనే భయం లేదు. మీ పుస్తకంలో రాశారా ఇది?" అన్నారు.

రాశారు. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే అయిదు మార్కులకు రాశాను కూడా. కానీ ఆయన జేబు మీద తట్టేదాకా అది నాకు తెలిసిన విషయం కాదు.

అప్పటి నుంచి నేను ఆయనకు పేపర్లలో సాయం చేయడం మొదలుపెట్టాను. అనుభవం ఉన్నవాళ్లు పరీక్షకు కూర్చుని వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకోవచ్చు. ఆ దరఖాస్తు ఆయన సంచిలో ఎన్నాళ్ల నుంచో నాలుగు మడతల్లో ఉంది. "నా పని కింద నా సంతకం నేనే పెట్టుకోవాలమ్మా. ఒక్కసారైనా," అన్నారు. నేను నింపాను. ఓనరుగారు అనుభవం సర్టిఫికెట్ ఇస్తానన్నారు. నేను ప్రశ్నలు చదివితే ఆయన జవాబులు చెప్పేవారు. జవాబు సరిగ్గానే ఉండేది, మాటలే పుస్తకంలోవి కావు.

ఇక పెడన సంగతి.

అక్కడ నేత పనిచేసే ఒక కుటుంబం కొత్త స్లాబు ఇల్లు కట్టుకుంది. వెనక గదిలో గుంట మగ్గం. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, గుంట మగ్గం అంటే నేలలో గొయ్యి తీసి, మనిషి నేల అంచున కూర్చుని, కాళ్లు గొయ్యిలో పెట్టి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేసేది. ఆ ఊళ్లో కాలవ నీళ్లకు నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. నేసే ఆవిడకు నలభై అయిదేళ్లుంటాయి. నేను తర్వాత పిన్నిగారు అని పిలిచాను కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. ఆవిడ మగ్గం మీద ఇనప పట్టీ ఉన్న పాత ట్యూబ్‌లైటును పురికొసతో వేలాడదీసుకుంటుంది. పోగు తెగినప్పుడు చెయ్యెత్తి లైటును ముఖం దగ్గరికి లాక్కుని, పోగు కలిపి, మళ్లీ పైకి వదిలేస్తుంది. రోజుకు ఎన్నిసార్లో లెక్కుండదు.

ఇవన్నీ బాబాయ్ చూశారు. ఇల్లు వైరింగ్ చేసేటప్పుడు ఆవిడను మగ్గంలో కూర్చోమని, ఎక్కడ చెయ్యి పెడుతుందో అడిగి, ఆ లైటు పట్టీకి ప్రత్యేకంగా ఎర్త్ వైరు లాగారు. మామూలుగా ట్యూబ్‌లైటుకు ఎవరూ లాగరు. "కాళ్లు మట్టిలో పెట్టుకుని ఇనుం పట్టుకునే మనిషి. ఆ లైటుకు ఎర్త్ లేకపోతే ఎట్టా?" అని షాపులో చెప్పారు. విని నాకు గర్వంగా అనిపించింది, నేనే చేసినట్టు.

ఇంట్లో ప్లగ్గుల ఎర్త్ కూడా కలిసే ఆ ఎర్త్ వైరు రెండో కొస భూమిలోకి వెళ్లాలి. బాబాయ్ దాన్ని ఇంటి వెనకున్న బోరు పైపుకు బిగించారు. ముప్పై ఏళ్లుగా ఆయన చేస్తున్నదే. పాత చేతిపంపుల ఇనప గొట్టం నీళ్లదాకా దిగి ఉండేది కాబట్టి దానికంటే మంచి ఎర్త్ లేదు. అందులోనూ ఆయనది దివిసీమ. "మా ఉప్పునేలలో ఇనప మేకు దిగ్గొట్టినా ఎర్తేనమ్మా," అనేవారు.

రిపోర్టులో ఎర్త్ నిరోధం ఎన్ని ఓములు అని ఒక గడి ఉంటుంది. అంకె ఎంత తక్కువైతే ఎర్త్ అంత మంచిది. దాన్ని కొలిచే మీటరు మా షాపు బీరువాలో, తోలు సంచిలో ఉండేది. దానితో పాటు భూమిలో దిగ్గొట్టే చువ్వలు, వైరు చుట్టలు మోసుకెళ్లాలి. అందుకని ఎవరూ తీసేవారు కాదు. నేను చేరకముందు రిపోర్టులన్నిటిలో ఆ గడిలో రెండు అని ఉంది. నేనూ రెండు అనే రాశాను. పెడన రిపోర్టు మీద సంతకం పెట్టే రోజు వాన. వెళ్లి కొలుద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను. బాబాయ్ పనిని నేను కొలవడమేమిటి, ఆయన ఏమనుకుంటారో అని సిగ్గేసింది. రెండు అని రాసి, స్టాంపు వేశాను.

నెల తిరగకముందే షాపుకు ఫోన్ వచ్చింది.

జరిగింది ఇది. ముందు గదిలో కోడలు చీర ఇస్త్రీ చేద్దామని పాత ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టి స్విచ్ వేసింది. ఆ పెట్టె లోపల వైరు కాలిపోయి కరెంటు పైకి వస్తోంది. ఎర్త్ సరిగ్గా ఉంటే అది భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టేసేది. వెనక గదిలో అదే క్షణాన పిన్నిగారు పోగు కలపడానికి లైటు పట్టీ పట్టుకుంది. కరెంటు ఇస్త్రీ పెట్టె నుంచి ఎర్త్ వైరులోకి వచ్చి, భూమిలోకి దారి లేక, అదే వైరుకు కట్టిన పట్టీలోకి, ఆవిడ చేతిలోంచి చెమ్మ గొయ్యిలోకి దిగింది. అరుపు విని కోడలు భయంతో ప్లగ్గు లాగేసింది. అందువల్ల మనిషి దక్కింది. కుడిచేతి రెండు వేళ్లు కాలాయి. పోగులు కలిపే వేళ్లు అవే.

మేం వెళ్లేసరికి ఆవిడ ఆసుపత్రిలో ఉంది. బాబాయ్ నేరుగా ఇంటి వెనక్కి వెళ్లి, బోరు గట్టు సిమెంటు పగలగొట్టారు. మూతి దగ్గర మూరెడు ఇనప ముక్క. దాని కింద అంతా ప్లాస్టిక్ గొట్టం. ఇల్లు కట్టేటప్పుడు బోరు కొత్తగా వేయించారు. పైన కనిపించే ముక్క మాత్రం పాతది వాడుకున్నారు.

ఆయన ఆ గట్టు మీదే కూర్చుండిపోయారు. వైరు కొస చేతిలో ఉంది. దాన్నే చూస్తూ, "నేను ఆ లైటుకు ఎర్త్ లాగకుండా ఉంటే ఆవిడకు ఏం కాకపోను," అన్నారు.

అది నిజం. ఆయన జాగ్రత్తే ఆ కరెంటును ఆవిడ చేతిదాకా మోసుకెళ్లింది. మీటరు తెచ్చి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేదని కూడా నాకు తెలుసు. అది చెప్పలేకపోయాను.

మచిలీపట్నంలోని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసు నుంచి విచారణకు రమ్మని కాగితం వచ్చింది. ముందురోజు ఓనరుగారు మా ఇద్దరినీ కూర్చోబెట్టారు.

"ఇదిగో అమ్మాయ్, నువ్వు చిన్నపిల్లవి. ఉద్యోగం మొదట్లోనే నీ పర్మిట్టు మీద మచ్చ పడితే ఎట్టా? నా లైసెన్సు పోతే అందరం రోడ్డున పడతాం. నువ్వు పరీక్ష చేసినప్పుడు అంతా బాగానే ఉందనీ, ఆ తర్వాత బాబాయ్ మనకు చెప్పకుండా ఎర్త్ మార్చాడనీ చెబుదాం. ఆయనకు పర్మిట్టు లేదు కాబట్టి పోయేదీ ఏం లేదు."

నేను బాబాయ్ వైపు చూశాను. ఆయన గోడకున్న క్యాలెండర్ చూస్తున్నారు.

"చెప్పేయండమ్మా," అన్నారు. "నా పనేగా అది. నాకు పోయేదేముంది."

ఆయన సంచి బెంచీ మీద ఉంది. నేను నింపిన దరఖాస్తు అందులోనే ఉంది. అలాంటి మాట రికార్డులో పడ్డాక ఆ దరఖాస్తును ఎవరూ చూడరని ముగ్గురికీ తెలుసు. నేను తల ఊపాను. ఔననో కాదనో నాకే తెలియని ఊపు అది. ఓనరుగారు ఔననుకున్నారు.

గుడివాడ నుంచి మచిలీపట్నం బస్సు పెడన మీదుగానే వెళ్తుంది. ఆ ఊరు రాగానే బాబాయ్ కిటికీలోంచి తల తిప్పేసుకున్నారు. నేను డైరీ తీసి, ఊగుతున్న బస్సులోనే ఒక పేజీ రాశాను. నోటితో చెప్పలేనని నాకు తెలుసు కాబట్టి.

విచారించిన అధికారి వయసులో పెద్దాయన. బల్ల మీద మా షాపు రిపోర్టులు ఇరవైదాకా పరిచి పెట్టుకున్నారు.

"ఏమ్మా, గుడివాడలో రెండు, పెడనలో రెండు, కోడూరులోనూ రెండు. కృష్ణా జిల్లా నేలంతా ఒకటేనా?" అన్నారు.

ఓనరుగారు నవ్వబోయి ఆగిపోయారు. "అదేం లేదండీ, ఆ పెడన ఇంట్లో అమ్మాయి టెస్ట్ చేసిన తర్వాత మా వర్కర్..."

"ఆ అమ్మాయిని చెప్పనివ్వండి."

డైరీలో పేజీ చింపి బల్ల మీద పెట్టాను. ఆయన చూసి, వెనక్కి జరిపారు.

"నీ దస్తూరి బాగానే ఉంది. చదువు. రికార్డుకు మాట కావాలి."

చదివాను. ఎంత నెమ్మదిగా చదివానంటే ఆయన రెండుసార్లు గట్టిగా అనమన్నారు. "నేను ఆ ఇంటికి వెళ్లలేదు. ఎర్త్ కొలవలేదు. మీటరు మా బీరువాలో ఉంది. పాత రిపోర్టులు చూసి రెండు అని రాశాను. వైరింగ్ చేసినాయన బోరు ఇనప గొట్టమే అనుకుని కట్టారు, తర్వాత ఏదీ మార్చలేదు. ఆయన పొరపాటును పట్టుకోవడమే నా పని. నేను చేయలేదు." కింద సంతకం పెట్టమన్నారు. ఆ ఉద్యోగంలో చూసి, తెలిసి పెట్టిన మొదటి సంతకం అదే.

నా పర్మిట్టు ఆరు నెలలు ఆపారు. ఓనరుగారికి హెచ్చరిక ఇచ్చారు. ఆయన నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు బీరువా తాళంచెవి తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. బాబాయ్ పరీక్షకు వెళ్లి మొదటిసారి తప్పారు, రెండోసారి పాసయ్యారు. ఈ ముక్కలు చెబితే మా ఆఫీసు అమ్మాయిలు కథ అయిపోయిందనుకుంటారు. కానీ నేను చెప్పాలనుకున్నది పెడనలో జరిగిన ఇంకొక రోజు గురించి.

పిన్నిగారి వేళ్లు మానాయి. ఆవిడ మాత్రం మగ్గంలోకి దిగడం లేదు. సగం నేసిన చీర అలాగే ఉంది. ఆ ఇంటికి మగ్గమే ఆధారం. ఆవిడ భర్త షాపుకు వచ్చి, "గుంటలో కాలు పెట్టగానే వణుకుతోందండీ. మీరొచ్చి ఏదో ఒకటి చేయండి," అన్నాడు.

ఓనరుగారు, బాబాయ్, నేను వెళ్లాం. పర్మిట్టు లేదు కాబట్టి ఆ రోజు నేను హెల్పర్ని. గునపంతో ఎర్త్ గొయ్యి తవ్వడంలో నేనూ చెయ్యి వేశాను. నిలువెత్తు ఇనప గొట్టం దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పోశాం. ఇంట్లో లీకేజీ బ్రేకర్ పెట్టాం. కరెంటు దారి తప్పితే అది వెంటనే పడిపోయి సరఫరా ఆపేస్తుంది. మా షాపువాళ్లం అంతకుముందు చిన్న ఇళ్లకు అది పెట్టేవాళ్లం కాదు. కాలిన ఇస్త్రీ పెట్టె వైరును బాబాయ్ అంతకుముందే కోసి పారేశారు. తర్వాత మీటరు తోలు సంచి విప్పి, సందు పొడుగునా వైరు పరిచి, చువ్వలు దిగ్గొట్టాను. పక్కింట్లో కలంకారీ అద్దకం చేసే ఆడవాళ్లు తడి గుడ్డలు భుజాన వేసుకుని ఆ వైరు దాటి వెళ్తూ, "ఇదేంటమ్మా, చేపలకి గాలమా?" అని నవ్వారు.

"ఎంత వచ్చింది?" అన్నారు బాబాయ్. ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న ఆయన ఎవరినీ అడిగి ఉండరు.

"మూడు పాయింట్ నాలుగు."

"రెండు కాదా?"

"రెండు కాదు బాబాయ్."

మూడు పాయింట్ నాలుగు చాలు, భయం లేదు. పుస్తకం ప్రకారం అది మంచి అంకె. బాబాయ్ బ్రేకర్ బటన్ నొక్కి పడిపోవడం చూపించారు. టెస్టర్ ప్లగ్గులో పెట్టారు, లైటు పట్టీ మీద పెట్టారు, మళ్లీ ప్లగ్గులో పెట్టారు. పిన్నిగారు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. లోపలికి రాలేదు.

"ఇక భయం లేదక్కయ్యగారూ. కావాలంటే ముందు నేను కూర్చుంటా," అని బాబాయ్ చెప్పులు విడిచారు.

"నువ్వొద్దు," అందావిడ. "నీ చేతులకి కరెంటు అలవాటు. ఆ అమ్మాయిని కూర్చోమను. కాయితం మీద సంతకం ఆ పిల్లదేగా."

ఓనరుగారు ఏదో అనబోయారు. నేను అప్పటికే చెప్పులు విప్పుతున్నాను. అంకె నాకు తెలుసు. నేనే కొలిచాను. అయినా రెండో చెప్పు విడిచే ముందు బ్రేకర్ వైపు ఒకసారి చూశాను.

నేల అంచున కూర్చుని కాళ్లు గుంటలోకి దించాను. అడుగున మట్టి చల్లగా, చెమ్మగా ఉంది. మూడేళ్లు చదివిన చదువులో ఆ చల్లదనం ఎక్కడా లేదు.

"కోడలా, కొత్త ఇస్త్రీ పెట్టె పెట్టు," అంది పిన్నిగారు.

ముందు గదిలో స్విచ్ టక్కుమంది. నేను చెయ్యెత్తి లైటు పట్టీ పట్టుకున్నాను. ఇనుము దుమ్ముగా, కొంచెం వెచ్చగా ఉంది. అంతే. చేతిలో ఏమీ లేదు. పట్టుకునే ఉన్నాను, ఎంతసేపో.

"కాలు తియ్యమ్మా," అంది పిన్నిగారు చివరికి. "చెక్క తొక్కుతున్నావు. పడుగు పాడవుద్ది."

నేను లేచాను. ఆవిడ వచ్చి, నేను కూర్చున్న చోటే కూర్చుని, కాళ్లు దింపింది. ఆ రోజు తెగిన పోగు ఇంకా అలాగే వేలాడుతోంది. రెండు కొసలూ పట్టుకుని మెలిపెట్టింది. మానిన వేళ్లలో ఇంకా స్పర్శ రాలేదేమో, పోగు జారింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారింది.

"కనపడి చావట్లేదు," అని గొణుక్కుంటూ, పోగు మీద చూపు తీయకుండానే ఆవిడ చెయ్యెత్తి లైటును ముఖం దగ్గరికి లాక్కుంది.